తువ్వాలు వేసిన సీటు

చండ్రుగొండ సెంటర్లో కొత్తగూడెం బస్సు ఆగిందంటే ముందుగా లోపలికి వెళ్ళేది మనుషులు కాదు, తువ్వాళ్ళు. కిటికీలోంచి ఒక తువ్వాలు, ఒక సంచీ, ఒక్కొక్కప్పుడు చంటిపిల్ల టోపీ కూడా సీటు మీద పడుతుంటాయి. వాటి తాలూకు మనుషులు తలుపు దగ్గర తోపులాట ముగించుకుని తీరిగ్గా వస్తారు. 2023 డిసెంబరు 9 నించి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక మా వైపు తువ్వాళ్ళ పని మరీ పెరిగింది. తువ్వాలు పడిన సీటులో ఇంకొకరు కూర్చోరు. ఏ చట్టంలోనూ లేకపోయినా అందరూ ఒప్పుకున్న న్యాయమది.

మా అమ్మాయి కాలేజీ సీటు విషయంలో మేమూ ఒక తువ్వాలు వేశాం. అయితే అది గుడ్డ తువ్వాలు కాదు. అక్షరాలా యాభైవేల రూపాయలు. నా మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చినవి. ఆ తువ్వాలు వేసిందీ, మళ్ళీ తీసుకున్నదీ చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పిల్లల్ని చదివించుకునే ఇళ్ళల్లో ఎవరికైనా పనికి రావచ్చు.

మావారికి సెంటర్లో చిన్న కిరాణా కొట్టు. ఊరి వెనక కనకగిరి గుట్టలు, చుట్టూ పత్తి, మిరప చేలు. లోపలి పల్లెల నించి వచ్చేవాళ్ళు ఉప్పూ పప్పూ సబ్బులూ కొనుక్కుపోతే మాకు నెల గడుస్తుంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు, మా అమ్మాయి. అమ్మాయిని ఇంట్లో అందరం బుజ్జి అంటాం. ఇంటరు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదివింది. 2024లో ఎంసెట్ రాసింది. ఆ ఏడే దాని పేరు ఎప్‌సెట్ అని మార్చారు గాని, మా ఊళ్ళో ఇప్పటికీ ఎంసెట్ అంటేనే అర్థమవుతుంది.

మే 18న ఫలితాలు వచ్చాయి. మా బుజ్జికి 10,416వ ర్యాంకు.

చూడటానికి మంచి ర్యాంకే. లక్షల మంది రాసిన పరీక్ష. కొట్టు దగ్గర మావారు అడిగినవాడికీ అడగనివాడికీ పావుకిలో బెల్లం పంచారు. కాని ఆ సాయంత్రం మీసేవ నడిపే అబ్బాయి వచ్చి, "అయ్యో అక్కా, నాలుగువందల దూరంలో పోయింది గదా!" అన్నాడు. ఏం పోయిందో నాకు బోధపడలేదు. అతనే కూర్చుని చెప్పాడు. సర్కారు ఫీజు రీయింబర్స్‌మెంట్ అని ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైంది. పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షల లోపు ఆదాయం ఉన్న బి.సి. పిల్లలకి వస్తుంది. ర్యాంకు పదివేల లోపయితే కాలేజీ ఫీజు ఎంతయినా మొత్తం సర్కారే ఇస్తుంది. పదివేలు దాటితే మటుకు ఏడాదికి 35,000. మిగిలింది తలిదండ్రులు కట్టుకోవాలి. మేం బి.సి.లమే. మా బుజ్జి ఆ గీతకి అవతల నాలుగువందల పదహారు అడుగుల దూరంలో నిలబడింది.

ఆ రాత్రి మావారు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన సంగతి మీకు కొంచెం చెప్పాలి. ఆయనా కుర్రతనంలో చదువుకున్న మనిషే. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ పరీక్ష రాస్తే పిలుపు కార్డు వచ్చిందట. వానాకాలం. వాగు పొంగి వాళ్ళ ఊరికి వారంరోజులు దారి లేదు. కార్డు చేతికి అందేసరికి రమ్మన్న తారీఖు దాటి మూడు రోజులయింది. ఆ కార్డు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో పట్టుచీరెల కింద ఉంది. అప్పటినించీ ఆయనకి తారీఖు అంటే భయం. కరెంటు బిల్లు వచ్చిన రోజునే కడతారు. సినిమాకి గంట ముందు తీసుకెళ్ళి నిలబెడతారు. అటువంటి మనిషికి జూన్ నెలలో ఒక ఫోను వచ్చింది.

బుజ్జి ఒక డీమ్డ్ యూనివర్సిటీ వాళ్ళ ప్రవేశ పరీక్ష కూడా రాసింది. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు, అటువంటివి ఒకటి కాదు. మొదట వచ్చిన ఉత్తరంలో మా అమ్మాయి పేరు వెయిటింగు లిస్టులో ఉందని రాశారు. కంప్యూటర్ సైన్సులో 200 దాటిన నెంబరు. మావారు రోజూ పొద్దున్న ఆ నెంబరు ఎంతదాకా తగ్గిందో చూడమని పిల్లని వేధించుకు తినేవారు. భద్రాద్రిలో ముక్కోటినాడు క్యూలో నిలబడ్డట్టే, గర్భగుడి ఎంత దగ్గరికి వస్తే అంత భక్తి పెరుగుతుంది గదా! ఆ నెంబరు తగ్గినకొద్దీ ఆ కాలేజీ మీద మా అందరికీ ప్రేమ పెరుగుతూ వచ్చింది. అసలు ఆ కాలేజీ ఎలాంటిదో తెలుసుకోవాలన్న ఆలోచన మటుకు ఎవరికీ రాలేదు.

జూన్ ఆఖరున ఫోను చేసిందొక అమ్మాయి. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "మేడమ్, కంగ్రాట్యులేషన్స్! మీ పాపకి సీటు కన్ఫర్మ్ అయింది. పైగా మెరిట్ స్కాలర్‌షిప్. ఫీజులో యాభై శాతం రాయితీ. మూడు రోజుల్లో యాభైవేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి. లేకపోతే వెయిటింగు లిస్టులో తరవాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది" అన్నది.

మెరిట్ అన్న మాట ఎంత తియ్యటిదో కన్నతల్లికే తెలుసు. పదివేల గీతకి నాలుగువందల దూరంలో నిలబెట్టి సర్కారు మా పిల్లని కాదన్నట్టు అనిపించింది గదా, ఇక్కడెవరో పిలిచి పీట వేస్తున్నారు. మావారు కొట్టు మూసి పరుగెత్తుకు వచ్చారు. "మూడు రోజులే! విన్నావా, మూడే రోజులు!" అంటున్నారు గాని, యాభై శాతం దేనిలో అని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. గొలుసు తీసి ఇచ్చింది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు.

డబ్బు కట్టిన రోజు రాత్రి బుజ్జి ఆ ఉత్తరం మొత్తం చదివింది. నాలుగు పేజీలు. మేం మొదటి పేజీ మాత్రం నలుగురికీ చూపించాం. నియమాలు ఉన్నది మూడో పేజీలో.

"అమ్మా, నువ్వొకసారి ఇలా రా" అన్నది. నోటు పుస్తకంలో లెక్క వేసి ఉంది. ఏడాది ఫీజు 3,20,000. అందులో సగం పోతే 1,60,000. హాస్టలూ తిండీ 1,30,000. అంటే స్కాలర్‌షిప్ వచ్చాక కూడా మొదటి ఏడాదికి 2,90,000. నాలుగేళ్ళకి 11,60,000.

"అది అంతా సవ్యంగా జరిగితేనమ్మా" అన్నది. "మూడో పేజీలో ఏముందో చూడు. ప్రతి సెమిస్టరుకీ 8.5 పాయింట్లు తగ్గకూడదు. ఒక్క సబ్జెక్టు కూడా తప్పకూడదు. తగ్గితే ఆ తరవాత పూర్తి ఫీజు. మొదటి ఏడాదిలోనే తగ్గిపోయాననుకో, మొత్తం 16,40,000 అవుతుంది. పైగా ఇది డీమ్డ్ యూనివర్సిటీ. సర్కారు వాళ్ళ 35,000 ఇక్కడ రావు. అది కన్వీనరు సీటుకే."

నాకు కాళ్ళు ఆడలేదు. మా కొట్టుమీద పదకొండు లక్షలు ఎప్పుడు కళ్ళజూశాం గనక! మావారితో చెబితే ఆయన కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "దానికేం, పిల్ల తెలివైంది. ఎందుకు తగ్గుతుంది?" అన్నారు. బుజ్జి నెమ్మదిగా, "నాన్నా, అందరూ తెలివైనవాళ్ళే చేరతారు. అందరికీ 8.5 వస్తే వాళ్ళకి గిట్టుబాటు కాదు గదా" అన్నది. ఆ మాటకి ఆయన దగ్గర జవాబు లేదు. కాని ఉత్తరంలో ఇంకొక తారీఖు ఉంది. జూలై 20 లోపల మరో 1,10,000 కట్టాలి. కట్టకపోతే స్కాలర్‌షిప్ రద్దు. ఆయన చూపంతా ఆ తారీఖు మీదే ఉంది.

ఈలోగా ఎప్‌సెట్ కౌన్సెలింగు మొదలైంది. ఇది మూడు విడతలు. ఈ పద్ధతి తెలియక చాలామంది కంగారు పడతారు కనక కాస్త వివరంగా చెబుతాను. పిల్లలు తమకి కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ వరసగా పెట్టుకోవాలి. వరసలో పైనించి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి ఎక్కడ సీటుంటే అక్కడ ఇస్తారు. మొదటి విడతలో వచ్చిన సీటు ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకుని చేతిలో ఉంచుకోవచ్చు. రెండో విడతలో ఇంకా మంచిది కావాలంటే మళ్ళీ పేర్లు పెట్టుకోవచ్చు. మంచిది వస్తే పాతది దానంతట అదే పోతుంది. రాకపోతే పాతది చేతిలోనే ఉంటుంది.

మరి సీట్లు మధ్యలో ఎలా ఖాళీ అవుతాయని మావారికి సందేహం. "అందరూ ఎక్కేసిన బస్సులో కొత్త సీట్లు ఎక్కణ్ణించి వస్తాయి?" అన్నారు. బుజ్జి చెప్పింది: "ఐ.ఐ.టి.ల్లోనూ వరంగల్ ఎన్.ఐ.టి.లాంటి చోట్లా సీట్లు వేరే కౌన్సెలింగులో ఇస్తారు నాన్నా. అక్కడ సీటు వచ్చినవాళ్ళు ఇక్కడ హైదరాబాదులో తీసుకున్నది వదిలేస్తారు. ఆ సీట్లోకి వరంగల్లులోనో కొత్తగూడెంలోనో ఉన్నవాళ్ళు జరుగుతారు. వాళ్ళ సీట్లోకి మాలాంటివాళ్ళం. పైన ఒకళ్ళు దిగితే కిందిదాకా కదులుతుంది." మధ్య ఊళ్ళల్లో జనం దిగాక గాని ఖమ్మం బస్సులో సీటు దొరకదని ఆయనకి ఎలాగూ తెలుసు. అప్పటికి ఊరుకున్నారు.

బుజ్జి తన వరసలో పైన యూనివర్సిటీ కాలేజీలు పెట్టింది. హైదరాబాదువి రావని దానికి తెలుసు. అసలు గురి కొత్తగూడెం మీద. అక్కడ కాకతీయ యూనివర్సిటీ వారి ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఒకప్పుడు స్కూల్ ఆఫ్ మైన్స్ అనేవారు. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు గనక మైనింగు చదువుకి పేరు. కంప్యూటర్ సైన్సు కూడా ఉంది. యూనివర్సిటీ కాలేజీ కాబట్టి ఫీజు మా కొట్టుకి తట్టుకునేంతే. అన్నిటికీ మించి మా ఇంటి ముందు బస్సెక్కితే గంట ప్రయాణం. ఇన్నాళ్ళూ ఆ గేటు ముందు నించే ఆసుపత్రికీ బట్టలకొట్టుకీ వెళ్ళివస్తున్నాం గాని, అది మా పిల్లకి కాలేజీ కావచ్చునని నాకు తట్టలేదు. దగ్గరున్నదాని మీద మనకి గురి ఉండదు.

మొదటి విడతలో కొత్తగూడెం రాలేదు. హైదరాబాదు పొలిమేరలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ వచ్చింది. అది ఖాయం చేసుకున్నాం. జూలై 20 ముంచుకొచ్చింది.

ఇంట్లో యుద్ధం మొదలైంది. మావారు మిగిలిన గాజులు కూడా బ్యాంకులో పెట్టి 1,10,000 కట్టేద్దామంటారు. "కంప్యూటర్ సైన్సు చేతికొచ్చింది, స్కాలర్‌షిప్ వచ్చింది. నీ కొత్తగూడెం రాకపోతే ఏం చేస్తావు? రేపు ఇదీ పోతే నువ్వూ నాలాగే కొట్లో కూర్చుంటావు" అని పిల్లమీద కేకలేశారు. ఎన్నడూ ఆయన గొంతు పెంచగా దానికి తెలియదు. అది బిక్కమొహం వేసుకుని లోపలికి పోయింది. నేను ఎవరి పక్షం పట్టాలో తెలియక గిన్నెలు తోముతూ కూర్చున్నాను.

అంతవరకూ వరండాలో మంచంమీద పడుకుని అన్నీ వింటున్న మా అత్తగారు లేచి కూర్చున్నారు. ఆవిడ అక్షరం ముక్క రాని మనిషి. చిన్నతనంలో వేసవుల్లో అడవికి పోయి తునికాకు కోసి కల్లంలో అమ్మేవారు.

"ఒరే, ఇలా రా" అన్నారు కొడుకుని. "మేం ఆకు కోసే రోజుల్లో కట్టకి యాభై ఆకులు. ఒక ఏడు కొత్తగా ఒకాయన కల్లం పెట్టాడు. పాత కల్లం కంటే కట్టకి ఎక్కువ ఇస్తానన్నాడు. అందరం అటు పరుగెత్తాం. తీరా పోతే చిల్లిపడ్డ ఆకు తీసేస్తాడు, చిన్నాకు తీసేస్తాడు, పొద్దువాలితే రేపు రమ్మంటాడు. కట్టకి డెబ్బై కోస్తే యాభై లెక్కకి వచ్చేవి. మా అమ్మ అన్నది, కట్ట రేటు అడిగి పోవద్దే, ఏ ఆకు తీసేస్తాడో ముందు అడుగు అని. మరి నువ్వు అడిగావా?"

మావారు తల వంచుకున్నారు.

"పిల్ల చేతిలో ఒక సీటు ఉంది గదా?" అన్నారు ఆవిడ మళ్ళీ.

"ఉందమ్మా. ఎలక్ట్రానిక్స్."

"మరి నీ చేతిలో కార్డే లేకపాయె. ఆనాడు నీకు వాగు అడ్డం వచ్చింది. దీనికి ఏ వాగూ లేదు. ఉత్తరం అడ్డం పెట్టుకుని నువ్వే వాగైతే ఎట్లా?"

ఆయన లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపటికి తిరిగివచ్చి, పిల్ల గది గుమ్మంలో నిలబడి, "రెండో విడత చూద్దాం తల్లీ" అన్నారు. జూలై 20 వచ్చింది, పోయింది. ఆ తేనె గొంతు అమ్మాయి రెండుసార్లు ఫోను చేసింది. మూడోసారి గొంతులో తేనె కాస్త తగ్గింది. నాలుగోసారి చెయ్యలేదు.

రెండో విడతలో ఏమీ మారలేదు. అదే కాలేజీ, అదే ఎలక్ట్రానిక్స్. ఆ వారంరోజులు మా ఇంట్లో రేడియో కూడా పెట్టలేదు. మావారు ఒక్క మాట దెప్పలేదు. ఆయన మౌనం చూస్తే నాకు దెప్పితేనే బాగుండుననిపించింది. తొందరపడి కాలదన్నుకున్నామేమో, పదిమందిలో చెప్పుకునే మెరిట్ సీటు వదులుకున్నామేమో అని రాత్రుళ్ళు నాకూ నిద్రలేదు. నిజం చెబితే, మూడో విడతలో కూడా రాకపోతే ఈ వ్యాసం ఇలా రాసేదాన్ని కాదు. అయినా ఒక ధైర్యం మటుకు ఉండేది. ఎలక్ట్రానిక్స్ సీటు ఉంది. దాని ఫీజులో 35,000 సర్కారు ఇస్తే మిగిలింది అప్పో సప్పో చేసి కట్టగలం. కింద చాప ఉంది గనక పైకి చూడగలిగాం. ఏ ఆధారమూ లేకుండా ఉత్త ఆశతో ఎదురుచూడమని నేనెవరికీ చెప్పను.

ఆఖరి విడతలో జాగ్రత్త ఎక్కువ కావాలి. కొత్త సీటు వస్తే పాతది పోతుంది, వెనక్కి వెళ్ళడానికి ఉండదు. అందుకని నిజంగా చేరదలచుకున్నవే పెట్టాలి. మా బంధువులబ్బాయి ఒకడు ఉత్తినే చూద్దామని ముప్పై పేర్లు పెట్టి, చేతిలో ఉన్న మంచి సీటు పోగొట్టుకుని ఎక్కడో పడ్డాడు. బుజ్జి రెండే పేర్లు పెట్టింది. కండక్టరుకి దిగాలనుకున్న ఊరి పేరే చెప్పాలి గదా!

ఆగస్టులో ఒక సాయంత్రం. వాన పడుతోంది. కరెంటు లేదు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. బుజ్జి కొట్టు దగ్గర ఫోను పట్టుకుని సిగ్నలు కోసం అరుగు చివర నిలబడి ఉంది. లోపలికి వచ్చింది. జుట్టంతా తడిసిపోయింది. "కొత్తగూడెం వచ్చిందమ్మా. కంప్యూటర్స్" అన్నది. అంతే, ఇంకో మాట లేదు. వాళ్ళ నాన్న అక్కడే సరుకు తూస్తున్నారు. తూకంలో ఉన్న కందిపప్పు అలాగే వదిలేసి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళారు. ఆ పాత కార్డు తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక మా తువ్వాలు సంగతి. ఆ యాభైవేలు తిరిగి ఇమ్మని అడిగితే, సీటు బ్లాకింగు రుసుము తిరిగి ఇవ్వం, ఉత్తరంలో రాశాం చూసుకోండి అన్నారు. నిజమే, నాలుగో పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది. మావారు పోతే పోయిందనుకుందామన్నారు. బుజ్జి ఒప్పుకోలేదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఆ ఏడాది ఇచ్చిన ఉత్తర్వు వెతికి తీసింది. 2024-25 విద్యా సంవత్సరానికి సెప్టెంబరు 30 లోపల ప్రవేశం రద్దు చేసుకుంటే కట్టిన ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలి. అక్టోబరు 31 లోపలయితే వెయ్యి రూపాయలకి మించి పట్టుకోకూడదు. కాలేజీలు తమ కాగితం మీద ఏం రాసుకున్నా ఇది వర్తిస్తుంది. ఇంకొక అదృష్టం, పదో తరగతీ ఇంటరూ సర్టిఫికెట్లు మేం జిరాక్సులే ఇచ్చాం. అసలువి కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని కమిషన్ 2018లోనే చెప్పింది. కాని ఒకసారి చేతిలోంచి వెళ్ళాక వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకి తెలుసు.

బుజ్జి ఆ ఉత్తర్వు జతచేసి మర్యాదగా ఒక ఉత్తరం రాసింది. జవాబు లేదు. వారం ఆగి మళ్ళీ రాసింది. ఈసారి కమిషన్‌కి కూడా ఒక ప్రతి పంపుతున్నానని కింద రాసింది. బతుకమ్మ పండగకి ముందు డబ్బు బ్యాంకులో పడింది, ఒక్క పైసా తగ్గకుండా. సద్దుల బతుకమ్మనాడు గొలుసు నా మెడలో ఉంది. మూడు నెలల వడ్డీ వెయ్యిన్నర్ధ నూరు రూపాయలయింది. ఆ వడ్డీ మాకు ట్యూషను ఫీజు అనుకున్నాం.

స్కాలర్‌షిప్ మాటకొస్తే, అవన్నీ మోసమని నేననడం లేదు. నిజమైన మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. కాని వాటి కోసం ఎవరూ మనకి ఫోను చెయ్యరు, మనమే వెతుక్కోవాలి. ఇంటరులో మొదటి ఇరవై శాతంలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఏడాదికి 12,000 ఇస్తుంది. బి.టెక్. నాలుగో ఏట 20,000. ఇంజనీరింగులో చేరే ఆడపిల్లలకి ప్రగతి అని మరొకటి ఉంది, ఏడాదికి 50,000. దానికి ఆదాయం ఎనిమిది లక్షల దాకా ఉండవచ్చు. బుజ్జి దానికి పెట్టింది. జాబితాలో పేరు రాలేదు. మొదటిదానికి పెట్టలేదు. రాష్ట్రం ఇచ్చే ఫీజు డబ్బు తీసుకుంటే ఆ కేంద్రం స్కాలర్‌షిప్ తీసుకోవడానికి వీల్లేదు. రెండు పడవల మీద కాళ్ళు కుదరవు గనక, 12,000 ఎక్కువా 35,000 ఎక్కువా అని చూసుకుని ఒకటి ఎంచుకోవాలి. ఎనిమిదో తరగతిలోనే రాసే పరీక్ష కూడా ఒకటుంది. సర్కారు బళ్ళల్లో చదివే పేద పిల్లలు అందులో నెగ్గితే తొమ్మిది నించి ఇంటరు దాకా ఏడాదికి 12,000 వస్తుంది. మాకది అప్పట్లో తెలియలేదు. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఏడో తరగతి పిల్ల ఉంటే ఇప్పుడే చెప్పండి.

సర్కారు డబ్బు కూడా చెప్పిన రోజుకి రాదన్న సంగతి దాచను. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ఆ వారం టి.వి. చూస్తూ, ఎలక్ట్రానిక్స్ సీటుకే వెళ్ళి ఉంటే మా గతి ఏమిటని మావారు నా వంక చూశారు. ఏ సీటయినా కష్టం లేకుండా ఉండదు. మన శక్తికి తగిన కష్టమో కాదో చూసుకోవడమే మన పని.

ఇప్పుడు మా కొట్టు దగ్గరికి మే, జూన్ నెలల్లో తలిదండ్రులు కాగితాలు పట్టుకుని వస్తుంటారు. మావారు పెద్ద సలహాదారు అయిపోయారు. తూకం ఆపి కళ్ళజోడు పెట్టుకుని, ముందు మూడో పేజీ తియ్యండి అంటారు. రాయితీ ఎంతని అడగరు. రాయితీ పోగా నాలుగేళ్ళకీ ఎంతవుతుంది, ఏ మార్కు తగ్గితే రాయితీ పోతుంది, డబ్బు ఏ తారీఖు లోపల వెనక్కి అడగవచ్చు, అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి అని అడుగుతారు. ఒక పొగాకు రైతు ఆయన మాటలన్నీ విని, "ఇన్ని లెక్కలు చూస్తే ఎద్దును కూడా కొనలేం గదయ్యా" అన్నాడు. "నువ్వు ఎద్దును పళ్ళు చూడకుండా కొంటావా?" అన్నారు మావారు. ఆ రైతు నవ్వి కాగితం తిప్పాడు.

బుజ్జి చదివే కాలేజీని 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరుతో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చారు. ఆ మాట విన్న రోజు మావారు మళ్ళీ బెల్లం పంచారు. ఈసారి అరకిలో. మా అత్తగారికి ఆ పేరంతా నోరు తిరగదు. మా మనవరాలు కొత్తగూడెంలో చదువుతోంది అంటారు, అంతే.

పొద్దున్నే క్యారియరు సర్ది ఇస్తాను. బుజ్జి ఆధార్ కార్డు చూపించి టిక్కెట్టు డబ్బు లేకుండా వెళ్ళివస్తుంది. మొన్న బస్సు వచ్చేసరికి కిటికీల్లోంచి తువ్వాళ్ళు ఎగురుతున్నాయి. నేను కంగారుగా, "నీ సంచీ కూడా ఇలా ఇవ్వవే, ఆ కిటికీలోంచి వేస్తాను" అన్నాను. "వద్దమ్మా, తిప్పనపల్లిలో దిగుతారు, అప్పుడు కూర్చుంటాలే" అని నిలబడే వెళ్ళింది.